పొట్టేలు ఎత్తు, కురుమ లెక్క

దుండిగల్ పేరు చెప్తే ఎవరికైనా ముందు విమానాలు యాదికొస్తాయి. 1967 అక్టోబరులో అప్పటి రాష్ట్రపతి జాకిర్ హుస్సేన్ శంకుస్థాపన చేసిన ఎయిర్ ఫోర్స్ అకాడమీలో 1971 నుంచి శిక్షణ నడుస్తున్నది. సుమారు 7 వేల ఎకరాల చుట్టూ కంచె. కంచె ఇవతల ఇంజనీరింగ్ కాలేజీలు, మందుల కంపెనీలు, ఔటర్ రింగు రోడ్డు, ప్లాట్ల హద్దురాళ్ళు, అపార్ట్‌మెంట్లు. ఇట్లాంటి చోట నిలబడి గొర్రెల చరిత్ర రాస్తానంటే నవ్వేవాళ్ళు ఉంటారు. నవ్వనీయండి. గండిమైసమ్మ చౌరస్తా నుంచి నర్సాపూర్ తొవ్వ పట్టుకొని పోతే మెదక్ వస్తది. అక్కడి నుంచి సిద్దిపేట దాకా, ఇటు కర్ణాటక, మహారాష్ట్ర మెట్ట ప్రాంతాల దాకా దక్కనీ నల్ల గొర్రె తిరిగిన నేల. హైదరాబాద్ ఉత్తరపు అంచు ఆ నేలకు గడప. గడప మీద ఏం జరిగిందో చూస్తే ఇంటి లోపల ఏం జరిగిందో కొంత తెలుస్తది.

ఈ వ్యాసం అడిగే ప్రశ్న చిన్నది. గొర్రెను రూపం చూసి పెంచింది ఎవరు? పని చూసి పెంచింది ఎవరు?

పశుసంవర్ధక శాఖ పాఠాల్లో దీనికి జవాబు సిద్ధంగా ఉంటది. కురుమలు, గొల్లలు రంగు చూస్తారు, ఆచారం చూస్తారు, దేవుడి పేరు చెప్పి పొట్టేలును నిలుపుతారు. చదువుకున్నవాళ్ళు బరువు చూస్తారు, ఎదుగుదల చూస్తారు, లాభం చూస్తారు. ఒకరిది మూఢ నమ్మకం, ఒకరిది శాస్త్రం. స్వాతంత్ర్యం వచ్చినప్పటి నుంచి తెలంగాణ మందల మీద జరిగిన ప్రయోగాలన్నిటికీ ఈ పంపకమే పునాది. నా వాదన దీనికి ఎదురుగా ఉంటది. నలుపును పట్టుకొని ఉన్న కురుమ పని చూసే పట్టుకున్నాడు. "అభివృద్ధి" పేరుతో వచ్చిన ఎంపికలో ఎక్కువ భాగం కంటికి కనిపించే ఎత్తు, పొడవు, తెల్లదనం.

దక్కనీ గొర్రె చూపుకు గొప్పగా ఉండదు. నడిమి ఎత్తు, ముతక ఉన్ని, ఎక్కువగా నలుపు, కొన్ని చోట్ల నలుపు తెలుపుల కలగలుపు. ఈ నలుపు వల్ల ఉన్నికి రంగు అద్దాల్సిన పని లేదు. ఏడాదికి రెండుసార్లు కత్తెర పెట్టి తీసిన ఉన్నిని ఏకి, ఆడవాళ్ళు వడికి, ఆ నూలుకు చింతగింజల గంజి పట్టించి మగ్గం మీద నేస్తే గొంగడి అయితది. అది వానకు గొడుగు, చలికి దుప్పటి, రాత్రికి పరుపు, గింజలు తెచ్చుకునేటప్పుడు మూట. కురుమ పెండ్లి గొంగడి మీద జరుగుతది. బీరప్ప కథలో గొర్రె ఉంది, గొర్రె కథలో బీరప్ప ఉన్నాడు. ఇదంతా చూసి "ఆచారం" అని ఒక మాటతో తేల్చేసేవాళ్ళు, ఒక కుటుంబంలో ఆడ మగ అందరికీ ఏడాది పొడుగునా పని పెట్టిన పరిశ్రమ అది అని మరిచిపోయారు. ఉన్ని వడికే పని ఆడవాళ్ళది కనుక ఆ మరుపు ఇంకా సులువైంది.

పొట్టేలును నిలుపుకునేటప్పుడు కురుమ దాని ఒంటినే చూసి ఊరుకోడు. దాని తల్లిని చూస్తాడు. తల్లికి పాలున్నాయా, ఏటేటా ఈనుతున్నదా, పిల్లను దగ్గరికి తీసుకున్నదా, ఎండకాలం మందతో నడిచిందా, కాలు నొచ్చి వెనకబడ్డదా. పిల్ల పుట్టిననాటి నుంచి రోజూ కళ్ళ ముందు తిరిగినవాడికి తప్ప ఈ లెక్క ఎవరికీ రాదు. ఇదే సంగతిని ఇవాళ విశ్వవిద్యాలయాల్లో తల్లి లక్షణాలు అని, బతుకు శాతం అని పట్టికలు గీసి చెప్తారు. కురుమ దగ్గర పట్టిక లేదు, తరాల యాది ఉంది.

ఇంకొక ఆదాయం ఏ లెక్కలోనూ సరిగ్గా పడలేదు. కోతలైనంక రైతు తన చేనులో మంద పెట్టించుకునేవాడు. రాత్రంతా గొర్రెలు పడుకున్న నేలకు పెంట, మూత్రం రెండూ దక్కేవి. దానికి కురుమకు గింజలు కొలిచేవాడు. ఊరూరా తిరిగే మందకు తిండి దొరికేది, మెట్ట చేనుకు బలం దొరికేది. ఈ పనికి కావలసింది నడిచే గొర్రె. మోకాలెత్తు ముళ్ళపొదల్లో మేసి, రోజంతా నడిచి, రాత్రి వానలో నిలబడి, పొద్దున్నే మళ్ళా లేచే గొర్రె. వాన నుంచి దాన్ని కాపాడేది కూడా ఆ ముతక ఉన్నే.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోతే ఈ పత్రిక పాఠకులకు అన్యాయం చేసినట్టు. గొర్రె బతుకు ఒక్క కురుమ కష్టంతోనే నడవలేదు. పెద్ద మందలున్న ఇండ్లలో, దొరల గడీల్లో జీతానికి కుదిరి పశువుల వెంట, గొర్రెల వెంట తిరిగిన మాల మాదిగ పిల్లలు ఉన్నారు. తోలు తీసి శుద్ధి చేసింది మాదిగ. మందను కాచిన జీతగానికి మంద మీద హక్కు లేదు, తోలును పనికొచ్చేటట్టు చేసినవానికి కురుమ ఇంటి గడప లేదు. ఉత్పత్తి కులాల జ్ఞానం గురించి మాట్లాడేటప్పుడు ఆ కులాల మధ్య ఉన్న అంటరానితనాన్ని పక్కన పెట్టి మాట్లాడితే అది సగం చరిత్ర. 1996లో వచ్చిన కంచ ఐలయ్య పుస్తకం కురుమ ఇంటి నుంచి మొదలుపెట్టి దళిత బహుజన కులాల పనిని జ్ఞానంగా చూడమని అడిగింది. ఆ చూపు లేకుంటే ఈ వ్యాసం లేదు. అయితే ఆ జ్ఞానంలో జీతగాని వాటా ఎంత అనే లెక్క మనం ఇంకా తీయవలసే ఉంది.

పాత రోజులు బంగారం అని కూడా నేను చెప్పబోవడం లేదు. మేడ్చల్ తాలూకా నిజాం కాలంలో అత్రాఫె బల్దా జిల్లాలో ఉండేది. ఆ జిల్లా ప్రధానంగా నిజాం సొంత ఖజానాకు రాబడి తెచ్చే సర్ఫెఖాస్ ప్రాంతం. 1949లో సర్ఫెఖాస్ రద్దయ్యేదాకా అట్లనే నడిచింది. అడవిలో మేపితే పుల్లరి కట్టాలి. తెలంగాణ పల్లెల్లో దొర ఇంట్ల దావతు అయితే, అధికారి ఊరికొస్తే గొర్రెను ఊకెనే ఇచ్చుకోవాలి. గౌండ్ల కల్లు ఇచ్చినట్టు, సాలోళ్ళు బట్ట ఇచ్చినట్టు, మాల మాదిగలు తమ ఒంటినే ఇచ్చినట్టు, గొల్ల కురుమలు గొర్రెను ఇచ్చారు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య మీద పేలిన తుపాకీ ఈ వెట్టిని కాపాడే తుపాకీ. కొమరయ్య కురుమ. వెట్టి గొర్రెను ఏరుకునేటప్పుడు దొర మనిషి మందలో కండపట్టిన దాన్నే పట్టుకుపోయాడు గాని దాని తల్లి పాలు అడగలేదు. బయటివాడు మందను చూసే చూపు అప్పటి నుంచీ అదే.

స్వాతంత్ర్యం తర్వాత ఆ చూపు ప్రభుత్వ పథకాల్లోకి వచ్చింది. మొదటి అల ఉన్నిది. మిల్లులకు సన్న ఉన్ని కావాలి, దేశంలో ఉన్నదంతా ముతక ఉన్ని, కాబట్టి దేశీ గొర్రెను "బాగుచేయాలి" అన్నారు. 1962లో రాజస్థాన్‌లో మాల్పురా దగ్గర అవికానగర్‌లో కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ వచ్చింది. 1969 ప్రాంతంలో హిసార్‌లో ఆస్ట్రేలియా సహకారంతో కారిడేల్ గొర్రెల క్షేత్రం పెట్టారు. తర్వాత అట్లాంటి పెద్ద క్షేత్రమే హైదరాబాద్‌కు దక్షిణాన మామిడిపల్లిలో వచ్చింది. కారిడేల్ తెల్లగా, ఉబ్బుగా, ఫొటోలో చక్కగా కనిపించే గొర్రె. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా పచ్చికల మీద తయారైన జాతి. దక్కను ఎండకు, ముళ్ళకు, దూరాలకు అది పుట్టలేదు. దాని సన్న ఉన్ని గొంగడికి పనికిరాదు. మిల్లు కొనే ఉన్ని కురుమ ఇంట్లో తయారు కాలేదు, కురుమ ఇంటికి కావలసిన ఉన్ని క్షేత్రంలో తయారు కాలేదు. ఆ సన్న ఉన్ని మన ఊళ్ళ మందల్లో నిలబడలేదు.

రెండో అల మాంసానిది. 1971లో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కింద చిత్తూరు జిల్లా పలమనేరులో నెల్లూరు, మాండ్య గొర్రెలను ఇంగ్లండు జాతులైన డార్సెట్, సఫోక్ పొట్టేళ్ళతో కలిపి చూశారు. ఆ రక్తం కూడా ఊళ్ళ మందల దాకా వచ్చి నిలిచింది లేదు. తర్వాత తెలంగాణలో గట్టిగా దిగింది విదేశీ పొట్టేలు కాదు, నెల్లూరు పొట్టేలే. మిల్లు రగ్గులు, సింథటిక్ దుప్పట్లు చౌకగా దొరికి గొంగడికి గిరాకీ పడిపోయిన రోజులవి. ఉన్నికి ధర లేదు, కత్తిరించే కూలి కూడా రాదు, మటన్ ధర మాత్రం పెరుగుతున్నది. అట్లాంటప్పుడు ఉన్ని లేని, ఎత్తైన నెల్లూరు పొట్టేలును మందలో వదలమని చెప్పడం సులువైంది. రెండు మూడు తరాలు తిరిగేసరికి మందలో ఉన్ని పోతది, వెంట్రుక వస్తది, నలుపు చెదిరిపోతది. ఒకసారి పోయిన నల్ల ఉన్ని మళ్ళా రావాలంటే నల్ల పొట్టేలు కావాలి. పక్క మందలో కూడా నెల్లూరు పొట్టేలే ఉంటే అది ఎక్కడి నుంచి వస్తది?

నెల్లూరు గొర్రె మీద నాకు కోపం లేదు. అది కూడా ఆ సీమ కాపరుల చేతిలో తరాలుగా తయారైన జాతే, దాని నేల మీద అది గొప్ప గొర్రె. దేశంలోని గొర్రెల్లో అన్నిటికన్నా ఎత్తైనదిగా దానికి పేరు. కాని ఒక విచిత్రం చూడండి. లాభం చూసి ఎంచుకున్నాం అని చెప్పే ఈ జాతిని పుస్తకాల్లో ఎట్ల విభజించారు? రంగును బట్టి. తెల్లగా ఉంటే పల్ల, తెల్లటి ఒంటికి మూతి చుట్టూ నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగోధుమ రంగైతే డోర. కురుమ నలుపు చూస్తే మూఢత్వం, పశుసంవర్ధక పుస్తకం మూతి మీద మచ్చ చూస్తే వర్గీకరణ!

ఇప్పుడు బరువు సంగతి. ఆర్.ఎం. ఆచార్య 1982లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ కోసం భారతదేశపు గొర్రె, మేక జాతుల మీద రాసిన గ్రంథం ఇవాల్టికీ అందరూ తిరగేసే పుస్తకం. అందులోని సగటు లెక్కల ప్రకారం ఎదిగిన నెల్లూరు పొట్టేలు సుమారు 37 కిలోలు, దక్కనీ పొట్టేలు సుమారు 39 కిలోలు. ఆడ గొర్రెల్లో నెల్లూరు 30 కిలోలు, దక్కనీ 28, 29 మధ్య. వేర్వేరు చోట్ల, వేర్వేరు మేతల మీద తూచిన బరువులివి. వీటిని పక్కపక్కన పెట్టి ఇది గెలిచింది, అది ఓడింది అనడం సరికాదు. అయితే ఒక సంగతి మాత్రం ఒప్పుకోవాలి. ఎత్తులో కంటికి కొట్టొచ్చినట్టు కనిపించే తేడా తక్కెడలో అంతగా కనిపించడం లేదు. మరి పొట్టేలు ఎత్తును చూసి ఇచ్చిన సలహా దేని మీద ఆధారపడ్డది?

ఎత్తుకు అంగట్లో విలువ ఉన్నమాట నిజం. మన సంతల్లో గొర్రెను తక్కెడ మీద పెట్టి కొనేది తక్కువ. నడుము మీద చెయ్యి వేసి, ఎత్తి చూసి, కంటితో అంచనా కట్టి బేరం చేస్తారు. బక్రీదుకు పొట్టేలు కొనే ఇల్లు కొమ్ములు, ఎత్తు, ఒంటి నునుపు చూస్తది. జియాగూడ మండికి చేరే గొర్రె కాపరి చేతిలోంచి దళారి చేతికి పోయేది ఈ కంటి లెక్కతోనే. కోసినంక ఎంత మాంసం వచ్చిందో కాపరికి తెలియదు, కటికె దుకాణానికి తెలుస్తది. అంటే కాపరికి ధర తెచ్చేది రూపం, లాభం తీసుకునేవానికి ధర తెచ్చేది మాంసం. ఎత్తైన పొట్టేలును కాపరి కోరుకున్నాడంటే అందులో తెలివితక్కువతనం లేదు. తూకం లేని అంగడిలో అతనికి మిగిలిన దారి అది. ఇక్కడే నా వాదనకు నేనే ఒక ముడి వేసుకుంటున్నాను: నెల్లూరు పొట్టేలును ప్రభుత్వమే బలవంతంగా రుద్దిందని చెప్తే అది పూర్తి నిజం కాదు. కురుమలూ దాన్ని అడిగి తెచ్చుకున్నారు. అయితే అడిగే పరిస్థితి ఎట్ల వచ్చిందన్నది చరిత్ర.

కంటికి మోసపోవడం మన ఒక్కరి కథ కాదు. 19వ శతాబ్దంలో అమెరికాలోని వెర్మాంట్ రాష్ట్రంలో మెరినో గొర్రెను ముడతల కోసం పెంచారు. చర్మం ముడతలు పడితే ఉన్ని మొలిచే జాగా ఎక్కువ అని లెక్క వేసుకున్నారు. ముడతలు చూసి పొట్టేళ్ళకు విపరీతమైన ధర పెట్టారు. బరువుగా వచ్చిన ఆ బొచ్చులో చాలా భాగం జిడ్డు. 1880ల్లో ఆ పొట్టేళ్ళు ఆస్ట్రేలియాకు చేరాయి. ముడతల్లో తడి నిలిచి, ఈగలు గుడ్లు పెట్టి, గొర్రెలు పురుగులు పట్టి చచ్చాయి. ఆ పీడ తగ్గించడానికి 1930ల నుంచి గొర్రె వెనక భాగం తోలు కోసేసే పద్ధతి మొదలైంది, దాని మీద ఇప్పటికీ తగాదా నడుస్తున్నది. అక్కడ ఆ తప్పు చేసింది చదువురాని కాపరులు కాదు, పేరుమోసిన మందల యజమానులు.

18వ శతాబ్దపు ఇంగ్లండులో రాబర్ట్ బేక్‌వెల్ అనే కౌలు రైతు లీస్టర్ గొర్రెను తొందరగా కొవ్వుపట్టే మాంసం గొర్రెగా మార్చాడు. కంటితో చూసి, చేత్తో తడిమి, ఏ పొట్టేలు ఏ గొర్రెకు అని ఎంచాడు. పొట్టేళ్ళను ఏడాదికింత అని కిరాయికి ఇచ్చి, వాటి పిల్లలు ఎట్ల ఎదుగుతున్నాయో ఇతరుల మందల్లో గమనించాడు. 1859లో డార్విన్ తన సిద్ధాంతాన్ని మొదలుపెట్టింది ఇట్లాంటి పెంపకందారుల నేర్పు దగ్గరి నుంచే. బేక్‌వెల్ మందల నుంచి వచ్చిన లీస్టర్ గొర్రెల ప్రస్తావన ఆ పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఉంది. ఒక రైతు కన్ను అక్కడ జీవశాస్త్రానికి సాక్ష్యమైంది. దక్కనీ గొర్రెను తయారుచేసిన కన్ను ఇక్కడ "వెనకబాటుతనం" అయింది. ఇద్దరి పనిలో తేడా లేదు, పుట్టుకలో ఉంది. పుస్తకం రాసేవాని కులానికీ గొర్రెను కాసేవాని కులానికీ మధ్య ఉన్న దూరమే ఈ దేశంలో పశుశాస్త్రం అయింది. ఈ మాటకు మినహాయింపులు ఉన్నాయి. 1992లో పశువైద్యులైన మహిళలు మొదలుపెట్టిన ఆంత్ర సంస్థ దక్కనీ గొర్రె గురించి కాపరులతో కూర్చొని, వాళ్ళ లెక్కతోనే పనిచేసింది. అది ప్రధాన ధార కాలేదు.

2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వం గొర్రెల పంపిణీ పథకం మొదలుపెట్టింది. 20 గొర్రెలు, ఒక పొట్టేలు కలిపి ఒక యూనిట్. ధర 1 లక్షా 25 వేలు, అందులో 75 శాతం సబ్సిడీ, లబ్ధిదారు వాటా 31,250 రూపాయలు. తర్వాత యూనిట్ ధరను 1 లక్షా 75 వేలకు పెంచారు. సహకార సంఘాల్లో సభ్యులైన గొల్ల కురుమలకు ఇది దక్కింది. రాష్ట్రంలో గొర్రెల సంఖ్య పెరగాలంటే రాష్ట్రం బయటి నుంచే కొనాలని నియమం. వచ్చినవి ఎక్కువగా నెల్లూరు రకాలు. దక్కనీ గొర్రె సొంత నేల నడిబొడ్డున మొదలైన పథకంలో దక్కనీ గొర్రెకే చోటు లేకపోయింది. 2012 పశుగణనలో 128 లక్షలున్న తెలంగాణ గొర్రెలు 2019 గణనలో 190 లక్షలు దాటి దేశంలో మొదటి స్థానానికి వచ్చాయి. సంఖ్య పెరిగింది నిజమే. అదే సమయంలో ఒకే గొర్రెను మళ్ళా మళ్ళా అమ్మిన రీసైక్లింగ్ కథలు ఊరూరా వినిపించాయి. కాగ్ నివేదిక రవాణా బిల్లుల్లోని వాహనాల నంబర్లు తవ్వితే గొర్రెలు మోటారు సైకిళ్ళ మీద, అంబులెన్సుల్లో ప్రయాణించినట్టు తేలింది. 2024లో ఏసీబీ అరెస్టులు, 2025లో ఈడీ సోదాలు జరిగాయి. అవినీతి గురించి పేపర్లు బాగానే రాశాయి. ఏ గొర్రె, ఎవరి ఎంపిక, ఎవరి నేల మీద అన్న ప్రశ్న పేపర్లకు పట్టలేదు. లారీలోంచి దిగిన గొర్రె చెవికి ట్యాగు ఉంది. దాని తల్లి ఎవరో చెప్పేవాళ్ళు లేరు.

మళ్ళా దుండిగల్‌కు వద్దాం. బంచరాయి భూములు కరిగిపోయి, చెరువు శిఖాలు పూడిపోయి, తొవ్వలన్నీ తారు రోడ్లయినంక ఇక్కడ నడిచే మందకు జాగా లేదు. నడక లేని చోట నడిచే గుణానికి విలువ ఉండదు. షెడ్డు వేసి, దాణా పెట్టి, ఆరు నెలలకు అమ్మే పద్ధతిలో నెల్లూరు పొట్టేలే లాభం కావచ్చు, దాన్ని నేను కాదనను. కాని షెడ్డు వేయడానికి నేల ఎవరికి ఉంది? ఔటర్ రింగు రోడ్డు పక్కన ఫారం పెట్టగలిగినవాళ్ళు ఎవరు? మందను అమ్ముకొని గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నవాళ్ళు ఎవరు? 1980ల్లో సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం కింద దళిత కుటుంబాలకు కూడా గొర్రెలు, మేకలు అప్పు మీద ఇచ్చారు. మేపే నేల ఇవ్వలేదు. పశువును చూసి బ్యాంకు సంతకం పెట్టింది, గడ్డి సంగతి ఎవరూ అడగలేదు. అప్పు మిగిలి గొర్రె పోయిన ఇండ్లు ఎన్నో.

దక్కనీ జాతిని కాపాడాలనే మాట ఇప్పుడు వినిపిస్తున్నది. మంచిదే. అయితే అందులోనూ ఒక ప్రమాదం ఉంది. నల్లగా ఉన్న గొర్రెలను ఏరి ఒక ప్రభుత్వ క్షేత్రంలో కంచె వేసి పెడితే, గొంగడి నేసే చెయ్యి లేకుండా, మంద పెట్టించుకునే చేను లేకుండా మిగిలేది నల్ల రంగు ఒక్కటే. అది కూడా రూపం కోసం పెంచడమే అయితది, ఎగ్జిబిషన్‌లో పెట్టడానికి.

ఈ ప్రాంతంలో చదువుకుంటున్న విద్యార్థులకు, పాఠాలు చెప్పే మిత్రులకు ఒక పని ఉంది. గాగిల్లాపూర్ నుంచి నర్సాపూర్ అడవి దాకా, మేడ్చల్ నుంచి శామీర్‌పేట చెరువు దాకా ఇంకా మందలున్న ఊళ్ళకు పోండి. మందలో నల్ల పొట్టేలు ఎప్పటిదాకా ఉండెనో అడగండి. దాన్ని ఎవరి దగ్గర మార్చుకున్నారో, ఎందుకు అమ్మారో అడగండి. ఇంట్ల రాట్నం ఎప్పుడు అటక ఎక్కిందో ఆడవాళ్ళను అడగండి. అదే ఊరి మాదిగవాడకు పోయి, ఆ మందను జీతానికి కాచినవాళ్ళు ఎవరో, ఏడాదికి ఎన్ని గింజలు కొలిచారో, గొంగడి ఇచ్చారో లేదో కూడా రాసుకోండి.